పెంకు లోపలి గొంతు

మార్చి 3

కింది వాటా ప్లంబర్‌గారి కోడిని కుక్క పట్టుకుపోయింది. గుడ్లు పొదుగుతున్న కోడి. మిగిలిన నాలుగు గుడ్లూ చెత్తలో వేయబోతుంటే లాక్కొచ్చాను. థర్మోకోల్ డబ్బా, లోపల బల్బు, ఓ మూల గిన్నెలో నీళ్ళు. అంతా ఫోన్‌లో చూసి చేశాను. టైలరింగ్ షాపులో పొద్దస్తమానం జిప్పులు మార్చే చేతులకి ఇదో లెక్కా!

షాపులో అందరి ముందూ కడుపు పట్టుకుని, నాకు నెల తప్పింది, ఈ నెలలోనే పురుడు అని ప్రకటించాను. ఓనరమ్మ చేతిలో కత్తెర కింద పడింది. అసలు సంగతి విన్నాక, యాభై దగ్గరపడుతోంది, సిగ్గన్నా రాలేదే నీకు అని తిట్టింది. కాజాలు కుట్టే పిన్ని మాత్రం తలెత్తలేదు. కాజా కుడుతూనే, తండ్రి ఆ బల్బేనా అనడిగింది. ముసలిదానికి నోరు నాకంటే ఓ అంగుళం పొడుగు.

మార్చి 8

టార్చి వేసి చూశాను. మూడు ఖాళీ. నాలుగోదానిలో సన్నటి ఎర్ర దారాలు, మధ్యలో ఓ చుక్క. చుక్క కదిలింది.

షాపులో చెప్పలేదు. ఎందుకో జోకు రాలేదు.

మార్చి 14

బల్బు మాడిపోయింది. గుడ్డుని జాకెట్లో దోపుకుని కొత్త బల్బు కొనడానికి వెళ్ళాను. ఏంటమ్మా, పెళ్ళికూతురిలా నడుస్తున్నారు అన్నాడు కొట్టువాడు. ఇంకో రోజైతే వాడికి మంగళహారతి పాడేదాన్ని. ఇవాళ గట్టిగా ఊపిరి తీయడానికే భయమేసింది.

మార్చి 22, ఉదయం

గుడ్డు అరిచింది! టీవీ అనుకుని కట్టేశాను. మళ్ళీ అరిచింది. పెంకు మీద బియ్యపు గింజంత కన్నం, అందులో ముక్కు.

ఈ గదిలో నాది కాని గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో. టీవీది లెక్క కాదు, దానికి నేనున్నట్టే తెలియదు. నేను కిచ్ అంటే ఇది కిచ్ అంటోంది. షాపుకి సెలవు పెట్టేశాను. డబ్బా మూత తీయడం, పలకరించడం. వేయడం, మళ్ళీ తీయడం.

మధ్యాహ్నం

కన్నం అంతే ఉంది. అరుపు సన్నబడింది. ఫోన్‌లో ఒకడు సాయం చెయ్ అంటాడు, ఇంకొకడు ముట్టుకున్నావో చచ్చిందే అంటాడు. ప్లంబర్ వచ్చి, అక్కా, ఒక్క నిమిషంలో ఒలిచేస్తా అన్నాడు, చేతిలో పెద్ద పటకారు! నీ కోడిని కాపాడుకున్నావు, ఇక దీన్ని కాపాడతావా అని తలుపేశాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని దిగిపోయాడు.

పిన్ని చిన్నప్పుడు కోళ్ళ మధ్యే పెరిగిందట. ఫోన్ చేశాను. పోయిన నెలే షాపులో పైపు పగిలిందని అబద్ధం చెప్పి దాన్ని ఎర్రటెండలో పరిగెత్తించాను కదా. నీ గుడ్డూ వద్దు, నీ పురుడూ వద్దు, పెట్టెయ్యవే అంది. పెట్టేసింది.

సాయంత్రం

ఆగలేకపోయాను. కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని కన్నం అంచున పొరని ఒక్క రవ్వ కోశాను. రక్తం పూసింది.

పిన్నికే మళ్ళీ చేశాను. చెప్పి ఊరుకున్నాను. ఈపాటికి నవ్వేదానివి, నవ్వవేమే అనడిగింది.

ఆటో కట్టించుకుని వచ్చింది. రక్తం ఆగిందిలే అని ముందు నన్ను కూర్చోబెట్టింది. మూత ఎన్నిసార్లు తీశావే, గాలి తగిలి పొర ఎండి అట్టలా పట్టేసింది అని తిట్టింది. ముద్దు ముద్దు అని మూత తీసి నేనే దాన్ని బిగించానన్నమాట. ఎర్ర దారాలు ఇంకా ఉన్నాయి, వాటిలో రక్తమంతా పిల్లలోకి పోవాలట, అప్పటిదాకా చెయ్యి పెట్టకూడదట. గిన్నెలో వేడినీళ్ళు పోసి మూత వేయించింది. కత్తి దాని చేతికిచ్చి, దాచెయ్ పిన్నీ, నా చెయ్యి ఊరుకోదు అన్నాను. జాకెట్లో దోపుకుంది.

ఇంట్లో ఉన్నది ఒకటే కంచం. దాన్ని పిన్నికిచ్చి నేను మూకుడులో తిన్నాను.

మార్చి 23

పొద్దున్న అరుపు లేదు. టార్చి వేస్తే ఎర్ర దారాలూ లేవు. పొర తెల్లగా, ఎండిన కాగితంలా ఉంది. ముక్కు ఆడుతోంది, అంతే. రాత్రి ఇక్కడే ఉండిపోయిన పిన్ని, ఇక వదిలెయ్యవే, తనంతట రానిది బతకదు, మా అమ్మా అదే చెప్పేది అంది. ఇది తనంతట రాకుండా చేసింది నేను పిన్నీ అన్నాను. కత్తి అడిగాను. నా మొహంకేసి చూసి, జాకెట్లోంచి తీసి ఇచ్చింది.

గోరువెచ్చటి నీళ్ళతో పొర తడిపాను. ముక్కుకి అతుక్కున్న చోట ఒక్క కుట్టంత తెంపాను. రక్తం రాలేదు. ఇంకొకటి తెంపుదామని చెయ్యి గుంజింది. రెండు చేతులూ కిందపెట్టి వాటి మీద కూర్చున్నాను. పిన్ని నవ్వు ఆపుకోలేక గోడకేసి తిరిగింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పెంకు తన్నుకుంది. తడిసిన గుడ్డపీలికలాంటిది ఒకటి బయటికి దొర్లి, నన్ను చూసి అరిచింది. ఎంత అనాకారిదో!

మార్చి 25

షాపులో పురుడైందన్నాను. ఒక్కరూ నమ్మలేదు. పిన్నే సాక్ష్యం అన్నాను. పిన్ని కాజా మీంచి కళ్ళెత్తకుండా, పిల్లా? ఏ పిల్లే? నేను చూడలేదే అంది. షాపంతా చప్పట్లు.

పిల్ల నా కాళ్ళ దగ్గర సంచిలోనే ఉంది. అదీ కిక్కురుమనలేదు.