గ్రైండర్ ఆపినది నేనే, ఆగనిది కన్వర్టర్

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్.

శ్రీ మల్లికార్జునరావు గారికి,
గృహ విద్యుత్ వినియోగ విభాగపు అధికారి,
విద్యుత్ సరఫరా కంపెనీ.

అయ్యా,

విషయం: ఇంటి ఉపకరణాల కరెంటు వాడకం కొలుచుటకు తమ విభాగం వారు పంచిన ప్లగ్గులతో నన్ను కొలిచినందుకు ఫిర్యాదు, మరియు మా గ్రైండర్‌కు తగిలించే కన్వర్టర్‌ను వచ్చే వారం నా డాక్టరు అపాయింట్‌మెంటుకు ముందే మళ్ళీ కొలిచి నిజం తేల్చవలెనని కోరుట గురించి.

తలారి సువార్తమ్మ, ఎం.ఎస్సీ., బందరులో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, ప్రస్తుతం కుమారుడు జోనాథన్ ఇంట కాపురమున్న దానను, వ్రాసుకొను అర్జీ. ఇంగ్లీషు రాక కాదు, ఇంట్లో ఎవరూ చదవకుండా ఉండాలని తెలుగులో వ్రాయుచున్నాను. మనవరాలికి తెలుగు చదవడం రాదు. కోడలికి ఓపిక లేదు. కొడుక్కి రెండూ ఉన్నాయి గానీ, అమ్మ రాసింది చదివే అలవాటు లేదు.

1. తమరు లైబ్రరీలో బల్ల వేసుకుని, వచ్చినవారికల్లా తెల్లటి ప్లగ్గులు పంచిన రోజున నేనూ అక్కడ ఉన్నాను. గోడకూ వస్తువుకూ మధ్య దీన్ని పెడితే ఆ వస్తువు ఎంత కరెంటు తాగుతోందో ఫోనులో కనబడుతుందని తమరు వివరించారు. "మరి మనుషుల సంగతి కూడా కనబడుతుందా నాయనా?" అని నేను అడిగాను. తమరు నవ్వి, "లేదమ్మగారూ, ఇది వస్తువుని కొలుస్తుంది, మనిషిని కాదు" అన్నారు. సదరు వాక్యాన్ని తమరు వెనక్కి తీసుకోవలసి వస్తుందని ముందుగా తెలియజేయడమైనది.

2. ఆ ప్లగ్గులు మా ఇంటికి వచ్చిన మర్నాడు నా మనవరాలు అబిగేల్ నా మంచం మీద కూర్చుని, "నానమ్మా, ఇది నా సైన్స్ ఫెయిర్ కోసం. నువ్వు నార్మల్‌గా ఉండు, ఓకే? ఏం ఛేంజ్ చెయ్యకు" అన్నది. ఫిజిక్స్ అనే మాట ఈ ఇంట్లో నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో! వాట్ అంటే ఏమిటో చెప్పాను. వాళ్ళమ్మ హెయిర్ డ్రయ్యర్ మా రైస్ కుక్కర్‌ను మించి లాగుతుందని తేలినప్పుడు ఇద్దరం పడీపడీ నవ్వాము. ప్రాజెక్టు అట్ట మీద బొమ్మలు కూడా నేనే గీశాను. ఆ అట్ట ఇప్పటికీ సోఫా వెనకాలే ఉంది. ఆ సైన్స్ ఫెయిర్ మాత్రం ఏ బడిలోనూ లేదు.

3. అసలు సంగతి నాకు దేవుని మందిరంలో తెలిసింది. గత ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ నా కోడలు షెరిన్ లేచి నిలబడి, "మా అత్తయ్యగారి మెమరీ కోసం ప్రార్థించండి. గ్రైండర్ రోజంతా ఆన్‌లోనే వదిలేస్తున్నారు. డాక్టర్‌కి చూపిస్తున్నాం" అన్నది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఎవరి అత్తగారో పాపం అనుకుని సగం దాకా "ఆమేన్" కూడా అన్నాను.

భోజనాల దగ్గర ఆడవాళ్ళందరూ నా చేతులు పట్టుకోవడం మొదలుపెట్టారు. ప్రేమజ్యోతి అనే అమ్మాయి నా ముఖం ముందు ముఖం పెట్టి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, "ఆంటీ! నేను! గుర్తుపట్టారా?" అని అడిగింది.

"నా స్టీలు డబ్బా తీసుకెళ్ళి ఇంతవరకూ తిరిగివ్వలేదు. నిన్నెలా మరిచిపోతానమ్మా?" అన్నాను.

"ఈరోజు బాగానే ఉన్నారు" అని ఆమె షెరిన్‌తో చెప్పింది.

4. ఇంటికి వచ్చాక నా కొడుకు ఫోను చూపించాడు. అందులో "గ్రైండర్" అని పేరు, పక్కన పచ్చ చుక్క, "ఆన్" అని అక్షరాలు. ఏ రోజు చూసినా, ఏ వేళ చూసినా అంతే.

"అమ్మా, ఫీల్ అవ్వకు. డేటా అబద్ధం చెప్పదు."

"నేను చెబుతానా రా?"

"అలా అనలేదమ్మా. నీకు తెలియకుండా అవుతోంది అంటున్నా."

"ఒక్కసారి, 'అమ్మా, గ్రైండర్ ఆపావా?' అని నన్ను అడిగావా?"

"అడిగితే టెన్షన్ పడతావని…"

అబిగేల్ ఏడుస్తూ, "సారీ నానమ్మా, డాడీ చెప్పొద్దన్నాడు" అన్నది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. చెప్పొద్దన్న మాటను నమ్మకంగా నిలబెట్టుకునే మనిషి ఈ ఇంట్లో ఒకరైనా ఉన్నారు.

ఆ సాయంత్రమే గ్రైండరూ కన్వర్టరూ గరాజ్‌లో పై అరకు ఎక్కాయి. పొయ్యి వెలిగించే మరలు ఊడదీసి షెరిన్ తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నది. ఫ్రిజ్ మీద రెండు కాగితాలు వెలిశాయి. ఒకటి డాక్టరుకు చూపించడానికి ఫోనులోంచి అచ్చు తీసిన గ్రైండర్ కరెంటు గ్రాఫు. రెండవది జ్ఞాపకం తప్పిన ముసలివాళ్ళను ఉంచుకునే ఒక హోమ్ తాలూకు రంగుల కాగితం. అందులో ఒక ముసలావిడ బంతి పట్టుకుని నవ్వుతున్నది. ఆమెను చూసి ఎవరూ ఫిజిక్స్ అడగరు.

తమరు ముఖ్యంగా గమనించవలసిన అంశమేమనగా, నేను ఆ రోజు వాదించలేదు. గ్రైండర్ ఆపిన నా చెయ్యి నాకు గుర్తుంది. కానీ అది ఏ వారపు చెయ్యి అని నన్ను నేనే అడుక్కున్నాను. కుళాయి కట్టేసి, మళ్ళీ వెళ్ళి చూసుకోవడం మొదలుపెట్టాను. తమ ప్లగ్గు నా కొడుకును నమ్మించడం ఒక ఎత్తు. నన్ను కూడా నమ్మించింది.

5. నిజం పిండి చెప్పింది. షెరిన్ మిక్సీలో రుబ్బి, నేను ఎప్పుడూ పెట్టే, బేస్‌మెంట్‌లో గ్రైండర్ ఉండిన మూలనే, నా గిన్నెలోనే పిండి పెట్టింది. పొంగలేదు. ఇడ్లీలు చెక్క బిళ్ళల్లా వచ్చాయి.

"అత్తయ్యా, మీరు పెడితే ఇంత చలిలోనూ పొంగేది కదా! ఏం వేసేవారు?"

ఏమీ వేసేదాన్ని కాదు. గిన్నెను కన్వర్టర్ మీద పెట్టేదాన్ని. అది ఎప్పుడూ వెచ్చగా ఉండేది.

ఎప్పుడూ ఎందుకు వెచ్చగా ఉండేది? ఇండియా నుంచి తెచ్చిన గ్రైండర్‌కు ఇక్కడి గోడలో వచ్చే వోల్టేజి చాలదు. దాన్ని రెట్టింపు చేసి ఇచ్చే ఇనుప పెట్టె, అనగా ఒక ట్రాన్స్‌ఫార్మరే, ఆ కన్వర్టర్. గ్రైండర్ తిరిగినా తిరగకపోయినా, దాని తోక గోడలో ఉన్నంతసేపూ అది గొణుగుతూ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. తాగినది వేడిగా వదులుతుంది. తమ ప్లగ్గు ఉన్నది గోడకూ కన్వర్టర్‌కూ మధ్యన. పేరు పెట్టింది మాత్రం "గ్రైండర్" అని. ఫ్రిజ్ మీది గ్రాఫును ఈ కళ్ళతో మళ్ళీ చూశాను. పిండి రుబ్బిన వేళ గీత కొండలా లేచింది. మిగతా కాలమంతా పొలం గట్టులా పొట్టిగా, తెగకుండా సాగింది. కొండ నాది. గట్టు కన్వర్టర్‌ది. చూసేవాళ్ళు పచ్చ చుక్కను చూశారు గానీ గీత ఎత్తును చూడలేదు. బేస్‌మెంట్ మెట్లు దిగి చూసినా సరిపోయేది. ఫోనులో కనబడేదానికి మెట్లు దిగడమెందుకు?

నా కొడుకు ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు చేసే ఇంజనీరు. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం నా క్లాసులోనే విన్నాడు. లేదు, ఆ వారం అతనికి గవదబిళ్ళలు.

6. ఇక అన్నిటికన్నా నన్ను కోసిన సంగతి. మన ఊళ్ళలో గోడకు స్విచ్ ఉంటుంది. అక్కడ ఆపితే అంతా ఆగుతుంది. ఇక్కడ గోడకు రెండు కళ్ళు, ఒక నోరూ తప్ప స్విచ్ లేదు. అందుకని కన్వర్టర్ బిగించిన రోజున నేను, "వాడకం అయ్యాక ఇది పీకెయ్యాలా?" అని అడిగాను.

"వద్దమ్మా, స్పార్క్ వస్తుంది. ఆ ప్లగ్ జోలికి అసలు వెళ్ళకు. గ్రైండర్ స్విచ్ ఆపితే చాలు" అన్నాడు జోనాథన్.

వెళ్ళలేదు. కొడుకు చెప్పిన మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నందుకు నాకు జ్ఞాపకం లేదని తేల్చారు. చెప్పిన మాట మరిచిపోయినవాడు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకువెళుతున్నాడు.

ఈ సంగతంతా నేనే ఇంట్లో చెప్పవచ్చును కదా అని తమరు అడగవచ్చు. నేను చెబితే ముసలామె ఒప్పుకోవడం లేదంటారు. అదే తమరు చెబితే డేటా అంటారు. కన్వర్టర్‌ను అరమీదినుంచి దించే బలం నాకు లేదు. దించమని అడిగితే అది వచ్చే ఆదివారానికి మరొక ప్రార్థన మనవి అవుతుంది.

కావున తమరు దయయుంచి,

(అ) స్వయముగా మా ఇంటికి విచ్చేసి, గ్రైండర్ తగిలించకుండా వట్టి కన్వర్టర్‌ను మాత్రమే తమ ప్లగ్గుకు పెట్టి, అందరి ఎదుట కొలవవలెను. కొలిచాక నా కొడుకు చెయ్యి దాని మీద పెట్టించవలెను.

(ఆ) ఫలితమును డాక్టరు కూడా చదువుకొనునట్లు ఇంగ్లీషులో వ్రాసి ఇవ్వవలెను.

(ఇ) ఇకమీదట పంచే ప్లగ్గుల అట్టపెట్టె మీద, "దీనితో ఎవరిని కొలవదలచితిరో వారికి ముందుగా చెప్పుడు" అని అచ్చు వేయించవలెను.

వచ్చునప్పుడు రహస్యంగా రానక్కరలేదు. తలుపు గంటకు కూడా కెమెరా ఉన్నది. తమరు గంట కొట్టకముందే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

పై సంగతులు తమరు చల్లగా చిత్తగించవలెను. పొయ్యి మరలు లేనందున కాఫీ ఇవ్వలేకపోవుటకు క్షమించవలెను.

ఇంకా అన్నీ గుర్తున్న
తమ విధేయురాలు,
తలారి సువార్తమ్మ

తా.క. నాయనా, ఒక్క మాట. కొలిచినప్పుడు ఒకవేళ కన్వర్టర్ ఏమీ తాగడం లేదని తేలిందనుకో, అది చల్లగానే ఉన్నదనుకో, ఆ మాట వాళ్ళకు చెప్పకముందు నా పక్కకు వచ్చి నెమ్మదిగా తెలుగులో నాకు చెప్పు. ఎన్నో పరీక్షల ఫలితాలు పిల్లలకు నేనే చదివి వినిపించినదాన్ని, తట్టుకుంటాను. అప్పుడు డాక్టరు దగ్గరికి నన్ను ఎవరూ తీసుకువెళ్ళనక్కరలేదు. నేనే చెప్పులు వేసుకుని కారు దగ్గర నిలబడతాను. ఈసారి మాత్రం ఆఖరున తెలుసుకునేది నేను కాకూడదు.