ముదీర్ జట్టును ఓడించిన రోజు

శనివారం రాత్రి, ఫుజైరా

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను. వలకట్టెలతో బంతి విసిరే ఈ లాక్రోస్‌ను వీడియోలు చూసి నేర్చుకుని, కాలేజీ అమ్మాయిలకు హెడ్ కోచ్‌నయ్యాను. నెల్లూరువాడికి వల కొత్తా? "ముసలాయన ఖలాస్" అంటూ అబుదాబి కాలేజీ నుంచి నన్ను సాగనంపిన ముదీర్, అంటే అక్కడి డైరెక్టరు, ఆయన జట్టును ఇవాళ చిత్తుగా ఓడించాం. గెలుపు ఖాయమయ్యాక కొత్తపిల్లల్ని దింపడం మర్యాద. నేను దింపలేదు. స్టాండులో ముదీర్ మొహం ఇంకా మాడాలనిపించింది.

బంతులు ఆపలేక అలిసిపోయింది మాత్రం వాళ్ల గోల్‌కీపర్ షబానా, అక్కడ నేను తయారుచేసిన పిల్ల. ఆట అయ్యాక దగ్గరకొచ్చింది.

"కోపం నీ మీద కాదమ్మా, మీ ముదీర్ మీద," అన్నాను.

"గోల్‌లో ఆయన నిలబడలేదు కదా సార్."

రేపు మళ్లీ ఆడినా కొత్తపిల్లల్ని దింపనేమో...

ఒకప్పుడు నేనిచ్చిన గ్లవ్స్ బెంచీ మీద పెట్టి, షబానా బస్సెక్కింది.