పెట్టెలో గాలయ్య డోలు

మైకు సెట్టు రాజానికి, సన్నాయి మేళం పెద్దమనిషి రాసేది. అక్షరాలు వంకరగా ఉన్నా నా చేతి రాతే.

నిన్న పక్క వాడ పెండ్లిలో తాళి కట్టే వేళకు నీ మైకులో డోలు మోగింది. మొదటి దెబ్బకే గుర్తుపట్టిన. అది నా తమ్ముడు గాలయ్య చెయ్యి. ఆషాఢంలో వాణ్ణి నేనే మోసి మట్టిలో పెట్టి వచ్చిన. వాని పెండ్లాం నర్సింగమ్మ అన్నం పళ్లెం పట్టుకొని వాకిట్లోకి వచ్చి, "బావా, ఆయన వాయించుడు అయిపోయిందా? జర రమ్మను, బువ్వ సల్లారుతాంది" అన్నది. అంతలోనే యాదికొచ్చి అక్కడనే కూలబడ్డది.

పోయిన మాఘంలో నన్ను ఊదకుండ ఆగమని, వాని డోలు ఒక్కటే నీ రీలు చక్రాల పెట్టెలో పట్టుకున్నవు. ముప్పై ఏండ్ల మేళంలో నన్ను ఆగమన్నవాడు లేడు. ఆనాడు నీ మీద మండిపోయిన.

రాజం, చావు జరిగిన ఇంటి మేళం ఏడాది దాకా పెండ్లికి పోదు. ఆ సంగతి నీకు తెలియదు, నీ పెట్టెకూ తెలియదు. ఏడాది నిండేదాకా ఆ రీలు బయటికి తియ్యకు. చెరిపినవో, ఊరుకోను.

ఇంకొక మాట. ఆ డోలు నడుమ నడుమ ఆగుతుంది. అది నేను ఊదే జాగా. నన్ను నువ్వు ఆపినా, వాడు నా కోసం ఆగిండు. వచ్చే శ్రావణంలో మొదటి పెండ్లికి పెట్టె పక్కన నాకు చాప వెయ్యి. సన్నాయి తీసుకొని వస్త. ఇంకొకని డోలుకు నేను ఊదను.

గాలయ్య అన్న