మిద్దె మీది అద్దాలు

కనిగిరి,
ఫిబ్రవరి 2003

ప్రియమైన మావకి,

వందనాలు. మన సోలార్ లాంతర్ల దుకాణం నిలదొక్కుకుంది. పగలంతా మిద్దె మీది సోలార్ పలకలతో ఛార్జింగ్ పెట్టి, సాయంత్రం అద్దెకిస్తున్నాను. మిరప కల్లాల కాపలావాళ్ళు మనవే అడుగుతున్నారు. లాంతర్లు మోసుకెళ్ళి ఇవ్వడానికి స్తుతిని, రిపేర్లకి ప్రభుని పెట్టుకున్నాను. పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే సంజీవరావు మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. పక్క ఊళ్ళలో పలకలు బిగించే పనీ వస్తోంది, అది నువ్వే చెయ్యాలి. ఆ రాళ్ళ పాలిష్ మానెయ్. పోయినసారి నీ దగ్గు విన్నాక నాకు అన్నం సయించలేదు.

నీ దారి చూస్తూ,
దేవకుమారి

మార్టూరు

ప్రియమైన దేవికి,

దగ్గు సంగతి అమ్మకి చెప్పకు. రావాలనే ఉంది గానీ, ఇక్కడ ఒకసారి మానేస్తే మళ్ళీ తీసుకోరు. బాగా ఆలోచించి రాయి. పగలు నువ్వు ఊళ్ళు తిరుగుతావు కాబట్టి మిద్దె మీది పలకల్ని అమ్మకి అప్పజెప్పు. ఖరీదైన సరుకు, కంటికి రెప్పలా చూసుకోమని నా మాటగా చదివి వినిపించు.

నీ ఏసోబు

కనిగిరి,
మార్చి

ప్రియమైన మావకి,

పని మానకు. మేస్త్రీకి ఏమీ చెప్పకు. కొన్నాళ్ళుగా లాంతర్లు అర్ధరాత్రి కాకముందే ఆరిపోతున్నాయి. నిన్న ఆదాం కల్లంలో ఆ చీకట్లోనే కాయలు ఎత్తుకుపోయారు. "మీ దీపాన్ని నమ్ముకుని మునిగాం గదమ్మా!" అని అందరి ముందూ కేకలేశాడు. సగంమంది పెట్రోమాక్స్‌కి మళ్ళారు. బ్యాటరీల్లో లోపం లేదంటాడు ప్రభు. స్తుతి సంజీవరావు కొట్టు ముందు నిలబడి మాట్లాడటం నా కళ్ళతో చూశాను. లాంతర్లు దారిలో వెలిగించి ఛార్జింగ్ తగలేస్తోందని నా అనుమానం. ఇక రావద్దన్నాను, ఏడుస్తూ వెళ్ళింది. ఇలాగే సాగితే దుకాణం మూసెయ్యాల్సిందే. భయంగా ఉంది మావా.

దేవకుమారి

మార్టూరు

ప్రియమైన దేవికి,

నీ ఉత్తరం అందేసరికే మానేశాను. చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడదామనుకున్నాను. నా చోట్లో కొత్తవాణ్ణి పెట్టేశారు, బతిమాలినా మేస్త్రీ వినలేదు. క్వారీలో రాయికి బెజ్జాలు కొట్టే పని ఉందట. దుమ్ము ఇక్కడికన్నా ఎక్కువ. సోమవారం చేరాలి. రమ్మంటే వస్తాను, వద్దంటే అందులో దిగుతాను. నిన్ను తప్పుపట్టను. స్తుతి విషయంలో మాత్రం తొందరపడ్డావేమో.

ఏసోబు

కనిగిరి,
శనివారం

ప్రియమైన మావకి,

ఈ ఉత్తరం మార్టూరు వస్తున్న లారీ డ్రైవరు బుడాన్ చేతికిస్తున్నాను. క్వారీలో దిగకు.

ఇవాళ మధ్యాహ్నం స్తుతి నేనున్న చోటికి వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. "నన్ను దొంగన్నావు గదక్కా, దారిన పోతుంటే నా కంటపడింది, మిద్దెక్కి చూడు" అంది. ఎక్కితే పలకల నిండా తడి గోనెపట్టాలు! అత్త బిందెతో ఇంకా నీళ్ళు చల్లుతోంది. "ఇంత ఎండకి అద్దాలు పగిలిపోవంటే? కంటికి రెప్పలా చూసుకోమన్నాడు గదా నా కొడుకు" అంది. నీ ఉత్తరం విన్న మర్నాటి నుంచీ రోజూ ఇదే పనట. ఎండ తగ్గాక తీసేస్తోందట. నవ్వాలో ఏడవాలో తెలియక మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆ రోజు స్తుతి ఆ కొట్టు ముందు ఆగింది, సంజీవరావు తన దగ్గర చేరమంటే రానని చెప్పడానికట. క్షమించమంటే సరిపోదంది. కల్లం కల్లానికీ తనతో వచ్చి, తప్పు మా ఇంట్లోదేనని నా నోటితో చెబితేనే పనిలోకి వస్తానంది. ఈ సాయంత్రమే వెళ్తున్నాం, ముందు ఆదాం దగ్గరికే. అతని కాయలకి ఏం సమాధానం చెప్పాలో ఇంకా తెలియదు. అయినా సిగ్గు విడిచి అడుగుతున్నాను, రా మావా. నువ్వుంటే నాకు ధైర్యం.

అత్త చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "ఒరేయ్ అబ్బాయ్, ఆ అద్దాలకి ఎండే తిండంట, నాకేం తెలుసు? పట్టాలన్నీ తీసేశాను. నీ దగ్గు సంగతి నా దగ్గర దాస్తార్రా మీరిద్దరూ? ఇంక నేను కాచుకోవాల్సింది నిన్నే. బస్సెక్కు."

నీ దేవకుమారి