అక్కయ్య చూపించిన ఇల్లు

అక్కయ్యకు,

కోపం కాస్త తగ్గాకే ఇది చదువు. ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా నిన్ను రావద్దని నేనన్నందుకు అలిగావని బావగారు చెప్పారు. మన పాతకాలపు ఇల్లు బేరం తెగక ఏడాదిగా నానుతోంది. కొందామని వచ్చిన డాక్టరుగారి తల గుమ్మానికి కొట్టుకుంటే, "మీరే వంగాలి, ఇల్లు వంగదు" అన్నావు. నాకు ఒళ్లు మండదా?

అప్పుడు నువ్వుండగా వచ్చిన దర్జీ దంపతులు నిన్న మళ్లీ వచ్చారు. నేను గోడలకి సున్నం వేయించి, పగులుకి అడ్డంగా బీరువా జరిపించి, "వానకి చుక్క కారదండీ" అన్నాను. ఆయన పైకి చూసి, "మీ అక్కగారు మూడుచోట్ల కారుతుందన్నారే" అన్నారు. వాళ్లావిడ నవ్వి, "ఆవిడ మాటైతే నమ్మొచ్చు. ఆవిడ్నే పిలవండి, బేరం ఆవిడతోనే" అన్నారు.

కాబట్టి ఆదివారం నువ్వు రావాలి. ఉన్నదున్నట్టు చెప్పు. ఎలుకల సంగతి మాత్రం వద్దులే. సరే, అదీ చెప్పు. వంటింటి కిటికీ ఎలా మూయాలో కూడా అడుగుతున్నారు. అది ఇప్పటికీ నాకు చేతకాదు.

నీ తమ్ముడు