కోర చుట్టు తిరిగేదాకా

టాబీ అల్లుడూ,

మళ్ళీ మంత్రివయ్యావనీ, ఊరి విందుకి కోరల పందిని సిద్ధం చెయ్యమనీ రాజధాని పోర్ట్ విలా నుంచి కబురు పంపావు. పంది లేదు. పదవి విందుకి కోర గుండ్రంగా చుట్టు తిరిగిన పందినే కొయ్యాలి, అలా తిరగాలంటే ఏడేళ్ళు మేపాలి. మొదటిసారి మంత్రివైనప్పుడు ఒకటి కోశాం. ఎనిమిది నెలలకు మీ ప్రభుత్వం పడిపోయింది. అవతలి పక్షంలో చేరి మళ్ళీ మంత్రివైతే రెండోదీ కోశాం. అదీ పడిపోయింది.

తర్వాత నువ్వే ఊరికొచ్చి, "పార్టీ వదిలినవాడి సీటు పోయేలా చట్టం తెద్దాం మావా, దానికి జనం ఓటు అడుగుతున్నారు, అందరూ అవునని ఓటెయ్యండి" అన్నావు. మీ అత్త మోకాళ్ళ నొప్పులతో కొండ దిగి వేసొచ్చింది. ఇప్పుడేమో "నేను పార్టీ వదల్లేదు, పార్టీ మొత్తం అటెళ్ళింది" అంటావా? అది విని మీ అత్త, "వీడికన్నా పందే నయం, తలుపు తీసిపెట్టినా దొడ్డి మారదు" అంది.

ఇప్పుడు దొడ్లో ఒక్క పిల్ల ఉంది. కింది కోరలు అడ్డు లేకుండా పెరగాలని నిన్ననే దాని పైకోరలు ఊడగొట్టాను. అవి చుట్టు తిరిగేనాటికి నాకు ఎనభై వస్తాయి. అప్పటిదాకా ఒకే పక్షాన కూర్చోగలవా? బతికుండడానికి నా ప్రయత్నం నేను చేస్తాను.

నీ మేనమామ