పద్నాలుగు పాటల కొలువు

ప్రియమైన కళ్ళజోళ్ళ దొరసానికి,

క్షేమంగా చేరాను. హోటలు పెద్దదే. హాలు కిటికీల్లోంచి సముద్రం కనిపిస్తుంది. నా గదికి మాత్రం కిటికీ లేదు. మేడ కింద, బట్టలుతికే గది పక్కన ఇచ్చారు. గోడ ఎప్పుడు ముట్టుకున్నా వెచ్చగానే ఉంటుంది.

పని సంగతి చెప్తే నవ్వుతావు. హోటలాయన ముసలివాడు, ఆయన దగ్గర ఒక పాత ఎల్పీ రికార్డు ఉంది. మనిద్దరం కాలేజీలో చెవులు కోసుకున్న ఆ ఇంగ్లీషు రాక్ బ్యాండు హిట్లన్నీ ఏరి వేసిన రికార్డు. రోజూ సాయంత్రం మా బ్యాండు దాన్నే వాయించాలి. అవే పద్నాలుగు పాటలు, అదే వరస. "మీ సొంత పైత్యం ఒక్క ముక్క కలిపినా గిటారు సర్దుకోండి" అన్నాడు మొదటిరోజే. మొదటి వైపు పాటలయ్యాక లైట్లు తగ్గిస్తారు. రికార్డు చివర ముల్లు తిరుగుతుంటే టక్కు టక్కుమని చప్పుడొస్తుంది చూడు, అది కూడా మా డ్రమ్మరు పుల్లలతో కొట్టాలి. అంతసేపూ మిగతావాళ్ళం బొమ్మల్లా బిగుసుకుని నిలబడాలి. ఎవరో రికార్డు తిరగేశారని జనం అనుకున్నాక రెండో వైపు మొదలుపెడతాం.

ఏడాది ఒప్పందం. సంతకం పెట్టేశాను కాబట్టి తప్పదు. నువ్వు పాటలు రాసి పంపుతూ ఉండు. పగలంతా ఖాళీయే, కూర్చుని బాణీలు కడతాను. నేనొచ్చేసరికి మన సొంత రికార్డుకి సరిపడా పాటలుంటాయి. ఫోను చెయ్యకు. అది హోటలాయన బల్ల మీదుంది, ఊరంతా వింటుంది.

నీ గిటారు బంట్రోతు


ప్రియమైన గిటారు మహాశయా,

బొమ్మలా నిలబడ్డం నీకు కొత్తేముంది? పెళ్ళిపీటల మీద చూశాను కదా!

ఇవాళ షాపులో ఒక పెద్దావిడకి సోడాబుడ్డి కళ్ళద్దాలు అరగదీసి ఇచ్చాను. పెట్టుకుని నా మొహం చూసి, "ఇంత చిన్నపిల్లవా!" అంది. ఆ మురిపెంలో ఈ పల్లవి వచ్చింది:

"కళ్ళు తుడిచి చూస్తే ఊరు కొత్తగా ఉంది,
నిన్న ఏడ్చిన చోటే నేడు నవ్వు దాగుంది."

దీనికి నీ బాణీ కావాలి. చరణం తర్వాత పంపుతాను.

ఇంకో సంగతి. మా షాపాయన వేరే ఊళ్ళో బ్రాంచి తెరుస్తున్నాడు. అక్కడ అద్దాలు అరగదీసే గదికి నన్నే పెద్దగా పెడతానంటున్నాడు. ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ ఈ ఇల్లు ఖాళీ చేస్తే నువ్వు ఎక్కడికొచ్చి తలుపు కొడతావు? మా ఆయన వచ్చాక చెప్తానన్నాను. షాపాయన సరేనన్నాడు.

తిండి మానకు. గోడ వెచ్చగా ఉందని తడిబట్టలు దానికి ఆనించి ఆరేస్తున్నావేమో, నీ సంగతి నాకు తెలుసు.

నీ సోడాబుడ్డి


ప్రియమైన సోడాబుడ్డికి,

నాలుగు నెలలుగా నీ పల్లవి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. బాణీ కుదరడం లేదు. మొదటి లైను నాదే వస్తుంది. రెండో లైనుకల్లా ఆ రికార్డులోని మూడో పాటలోకి జారిపోతాను. తప్పించుకుందామని పక్కకి తిరిగితే ఏడో పాట తగులుతుంది. పళ్ళు తోముకుంటున్నా వాళ్ళ పాటే, మెట్లెక్కుతున్నా వాళ్ళ తాళమే. అయిదో పాటకి ముందు అసలు గాయకుడు చిన్నగా దగ్గుతాడు. మా గాయకుడు కూడా అక్కడే దగ్గుతాడు. మొన్న జలుబు చేసి ఇంకోచోట దగ్గితే హోటలాయన పిలిచి చీవాట్లు పెట్టాడు.

బోనులో పడ్డానే! జనం మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నిన్న ఒకాయన కళ్ళనీళ్ళతో వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అచ్చం రికార్డు విన్నట్టే ఉందండీ" అన్నాడు. అచ్చం అట! ఇక్కడందరూ ఆ పాటల్లో గిటారు ముక్క నాలాగా ఎవరూ వాయించలేదంటారు. ఏం లాభం?

వానలు పడేసరికి ఏడాది నిండుతుంది. మొదటి బండికి ఎక్కేస్తాను.

నీ బందీ


ప్రియమైన బందీకి,

వానలొచ్చాయి. నువ్వు రాలేదు. స్టేషనుకెళ్ళి మూడు బళ్ళు చూసి, తడిసి ముద్దయి ఇంటికొచ్చాను. టీ కొట్టాయన జాలిపడి, "ఎవరికోసమమ్మా?" అని అడిగాడు. చెప్పడానికి సిగ్గేసింది.

ఒంట్లో బాగానే ఉందా? ఉత్తరమైనా ఎందుకు లేదు? షాపాయన మళ్ళీ అడిగాడు. ఇంకొన్నాళ్ళు ఆగమని బతిమాలాను. ఆయన మొహం చూస్తే ఎక్కువ రోజులు ఆగేలా లేడు. నాతోపాటు చేరిన పిల్లని పంపుతాడేమోనని గుబులుగా ఉంది.

రాత్రి పడుకుంటే నిన్నెవరో గదిలో పెట్టి గొళ్ళెం వేసినట్టు కల. నేనొచ్చి ఆ ముసలాయనతో మాట్లాడనా? నాకేం భయం లేదు.

నీకోసం చూస్తూ,
నీ సోడాబుడ్డి


ప్రియమైన నీకు,

నన్ను తిట్టుకో, కానీ రావద్దు. ముసలాయన ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించేశాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను. వినడే! నేను పోతే బ్యాండు మూతపడుతుందట. నువ్వొచ్చి అడిగితే నలుగురిలో నా తల తీసేసినట్టవుతుంది.

కొంచెం ఓపిక పట్టు. పాటలు పంపడం మాత్రం ఆపకు. అవి లేకపోతే ఈ గదిలో నాకు ఊపిరాడదు. బ్రాంచికి కూడా తొందరపడి ఒప్పుకోకు. మన ఇల్లు ఉందన్న ధైర్యంతోనే బతుకుతున్నాను.

నీవాడు


ప్రియమైన మా ఆయనకి,

శనివారం వచ్చాను. చెప్పకుండానే వచ్చాను. వెనకాల, స్తంభం పక్కన కూర్చున్నాను.

ఎంత బాగా వాయించావు! కడుపు నిండిపోయింది. మొదటి వైపు అయ్యాక లైట్లు తగ్గాయి, డ్రమ్మరు టక్కు టక్కుమనిపించాడు, మీరు బిగుసుకుని నిలబడ్డారు. అందరూ బొమ్మల్లాగే ఉన్నారు, నువ్వు తప్ప. నువ్వు నవ్వుతున్నావు. పెళ్ళయ్యాక అంత నిశ్చింతగా నువ్వు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

అయిపోయాక నీ దగ్గరికి కాదు, ముసలాయన గదికి వెళ్ళాను. చేతులు జోడించి, "బాబుగారూ, మా ఆయన్ని వదిలెయ్యండి" అన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని నావంక అయోమయంగా చూశాడు.

"నేనెక్కడ పట్టుకున్నానమ్మా? ఒప్పందం వానాకాలంలోనే అయిపోయింది. ఇంటికెళ్ళి సొంత పాటలు చేసుకోవయ్యా, పెళ్ళాం చూస్తుంటుంది అని నేనే చెప్పాను. ఇంకో ఏడాది ఉంచుకోమని అతనే నా చుట్టూ తిరిగాడు."

కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. దణ్ణం పెట్టి బయటికొచ్చాను.

కోపం రాలేదని అబద్ధం రాయను. ఒళ్ళు మండిపోయింది. నీ గదిదాకా వచ్చాను కూడా. లోపల నువ్వు ఈల వేసుకుంటున్నావు, వాళ్ళ పాటే. తలుపు కొట్టబోయి ఆగిపోయాను. కొడితే నువ్వు ఇంకో అబద్ధం చెప్తావు, నేను నమ్ముతాను.

తిరుగు బండిలో నీ భయం నాకు అర్థమైంది. ఆ పాటలు ఎప్పుడో లోకం మెచ్చినవి. వాటిని వాయిస్తే ఓడిపోయే భయం లేదు. మన పాట బాగోలేదని ఎవరైనా అంటే అది మనల్ని అన్నట్టే. అది నీకు భరించడం కష్టం. కష్టమని ఒక్క ముక్క రాస్తే నేను కాదంటానా? పక్కన కూర్చుని నేను కూడా భయపడేదాన్ని కదా! నువ్వు బందీవని రాశావు, నేను ఇల్లు కదలకుండా కూర్చున్నాను. గొళ్ళెం పడింది నాకు.

ఆదివారం షాపాయన ఇంటికెళ్ళి బ్రాంచికి వెళ్తానని చెప్పాను. ఇల్లు ఖాళీ చేశాను. నీ సామాను మీ చెల్లెలింట్లో పెట్టాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు మాత్రం ఏడ్చాను.

నువ్వంటే ఇష్టం పోలేదు. పోతే ఈ ఉత్తరం ఇంత పొడుగుండదు.

కొత్త ఊరి అడ్రసు ఇందులో రాయడం లేదు. పాత షాపుకి రాస్తే నాకు చేరుస్తారు. అడిగితే అడ్రసు పంపుతాను. కానీ నిన్నెవరూ పట్టుకోలేదని మొదటి వాక్యంలోనే రాయి. అది లేకపోతే రెండో వాక్యం చదవను.

ఇప్పటికింకా,
నీ భార్య